పెళ్ళికో, చావుకో

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. మన సెలిన్ మరీ పొదుపరి. ఒకే ఒక్క అబద్ధం ఆడింది, అదీ లేని పెళ్ళి గురించి. దానికే ఆమె పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా తయారైంది.

సెలిన్‌ది నరసాపురం. అమ్మా నాన్నా పోయారు, ఉన్నది ఒక్క అన్నయ్య. ఏడేళ్ళుగా ఒమాన్ దేశంలో, బర్కా అనే ఊళ్ళో ఓ ప్రైవేటు క్లినిక్కులో నర్సు. ఈ ఏడేళ్ళలో విమానం ఎక్కిందంటే ఇంటికి, దిగిందంటే డ్యూటీకి. తెల్లారితే 'సిస్టర్, సూది', 'సిస్టర్, బీపీ'. బజారుకెళ్తే ఖర్జూరాలమ్మే అతను కూడా 'సిస్టర్' అనే పిలుస్తాడు. తనని సిస్టర్ అనే మనిషి ఒక్కరు కూడా లేని ఊళ్ళో నాలుగంటే నాలుగు రోజులు తిరగాలని ఆమె కోరిక. అంతకంటే పెద్ద కోరికలేం లేవు పాపం.

రూమ్‌లో ఇంకో ఇద్దరున్నారు. జువేరియాది కడప, స్కూల్లో లెక్కల టీచరు. అరీబాది హైదరాబాదు, మందుల షాపులో పని. ముగ్గురూ కలిసి ఫోన్లో వెతికి వెతికి రీగా అనే ఊరు పట్టారు. లాత్వియా రాజధాని. పాత రాతి వీధులు, పక్కనే నది, అదృష్టం బాగుంటే నవంబరులోనే మంచు. సెలిన్ బ్యాంకు పనని చెప్పి, నర్సుల పాస్‌పోర్టులు దాచే క్లినిక్కు ఆఫీసు నుంచి తన పాస్‌పోర్టు తెచ్చుకుని, వీసా వేయించుకుని, మళ్ళీ ఇచ్చేసింది. చెమటలు కారే ఎండలో ఎర్రటి ఉన్నికోటు కొని మంచం కింద దాచింది. ఎవరూ లేనప్పుడు ఏసీ పెంచి తొడుక్కుని చూసుకునేది, పిచ్చిపిల్ల.

ముగ్గురి టికెట్లూ కొనేశారు. ఇక మిగిలింది సెలవు. పెళ్ళికో చావుకో తప్ప నడిమధ్యలో సెలవు ఇవ్వరని క్లినిక్కులో నర్సులందరూ చెప్పుకునే మాట. చావంటే ఎవర్ని చంపాలి? చెయ్యి రాలేదు. సెలవు ఫారంలో 'కారణం' అన్న గడిలో 'పెళ్ళిచూపులు' అని రాసి మేట్రన్ సామ్రాజ్యంగారి బల్ల మీద పెట్టింది.

సామ్రాజ్యంగారిది భీమవరం. డ్యూటీలో మేడమ్, శుక్రవారం ప్రార్థన కూడికలో ఆంటీ. ఫారం చదివింది మేడమే గానీ, కళ్ళద్దాలు తీసి, లేచొచ్చి కావలించుకుంది మాత్రం ఆంటీ.

“అయ్యబాబోయ్! ముప్పై మూడేళ్ళకి దేవుడు ఆలకించాడే నీ మొర!”

ఆ శుక్రవారం ప్రార్థన మనవులు చెప్పే వేళ ఆంటీ అందరికంటే ముందు లేచి నిలబడింది. “మన సెలిన్‌కి సంబంధం వచ్చింది. అందరూ భారంగా ప్రార్థించండి.” నలభై మంది కళ్ళు మూసుకుని చేతులెత్తారు. అంబులెన్సు నడిపే ఏసుదానం అయితే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కళ్ళు తెరుచుకుని కూర్చున్నది సెలిన్ ఒక్కతే. కక్కలేక మింగలేక చివర్లో 'ఆమెన్' అంది.

అక్కడితో ఆగినా బాగుండును. మర్నాడు ఆంటీ పిలిచింది.

“పెద్దదిక్కు లేని పిల్లంటే మగపెళ్ళివారికి అలుసమ్మాయ్. మీ అన్నయ్యకేం తెలుసు? నీ పక్కన నేను కూర్చుంటాను. నా సెలవు ముందుకి జరుపుకున్నాను. నీ టికెట్టూ తీయించేశాను. హైదరాబాదు దాకా పక్కపక్క సీట్లు, అక్కణ్ణుంచి రైలు. నీ పాస్‌పోర్టు కూడా నా దగ్గరే ఉంది, కంగారు పడకు.”

సెలిన్ తల ఊపి బయటికొచ్చింది. అక్కడ దిగాక ఈవిడకి ఏ పెళ్ళికొడుకుని చూపించాలి?

“చెప్పేయ్ మే!” అంది జువేరియా ఆ సాయంత్రం. “ఇట్లా తిరిగేదానికి పోతాండా మేడమ్ అని చెప్పు. తల తీసేస్తాదా?”

“సెలవు తీసేస్తారు. అయినా నలభై మంది ప్రార్థన చేశారే నాకోసం. ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“అరే, దువా ఎక్కడికి పోతది? రీగాలో లడ్కే ఉండరా? ఆడనే చూసుకో” అంది అరీబా. సెలిన్‌కి నవ్వు రాలేదు.

చెప్పేద్దామని రోజూ ఆంటీ గుమ్మం దాకా వెళ్ళేది. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ ఏదో ఒకటి చేతిలో పెట్టేది. ఒకరోజు గులాబీ రంగు పట్టుచీర, ఒకరోజు సున్నుండల డబ్బా. మంచితనం ఎంత గట్టి తాడో కట్టించుకున్నవాళ్ళకే తెలుస్తుంది. సెలిన్ నోటి దాకా వచ్చిన మాట సున్నుండతో పాటు లోపలికి పోయేది.

ఆ రోజు రానే వచ్చింది. మస్కట్ ఎయిర్‌పోర్టులో రెండు లైన్లు. ఒకటి హైదరాబాదుకి, పక్కది రీగా వెళ్ళడానికి మారాల్సిన ఇస్తాంబుల్‌కి. పక్క లైన్లోంచి జువేరియా 'రా' అని కళ్ళతోనే పిలుస్తోంది. పాస్‌పోర్టు ఆంటీ హ్యాండ్‌బ్యాగులో ఉంది. హ్యాండ్‌బ్యాగు ఆంటీ భుజాన ఉంది. ఆంటీ చెయ్యేమో సెలిన్ చేతిని పట్టుకుని ఉంది. ఒక్క మాట అంటే చాలు. లైను ముందుకి జరిగింది, సెలిన్ కూడా జరిగింది.

విమానం తలుపులు మూశాక ఫోన్లో ఫోటో వచ్చింది. జువేరియా, అరీబా ఇటొకరు అటొకరు, మధ్యలో ఓ మనిషి పట్టేంత ఖాళీ. 'నీ జాగా ఇడిసి పెట్టినాం మే' అని జువేరియా కింద రాసింది. సెలిన్ ఫోను బోర్లించి పెట్టింది.

ఆంటీ పాస్‌పోర్టులు సర్దుతూ, “ఈ ఫోటోలో ఎంత బక్కగా ఉన్నావే!” అంటూ సెలిన్‌ది తిరగేసింది. ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

“ఇదేంటమ్మాయ్, ఈ వీసా?”

ఇక దాచడానికి ఏం మిగల్లేదు. సెలిన్ వెక్కి వెక్కి ఏడ్చింది. రీగా, కోటు, ఫారంలో రాసిన అబద్ధం, అన్నీ చెప్పేసింది. “పెళ్ళికో చావుకో తప్ప ఇవ్వరు కదా మేడమ్, అందుకే...”

ఆంటీ కళ్ళద్దాలు సర్దుకుని ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివింది. తిడుతుందనుకుంది సెలిన్. తిట్టినా బాగుండుననుకుంది.

“ఎవరు పెట్టారే ఆ రూలు?”

“అందరూ అంటారు...”

“ఇరవయ్యారేళ్ళుగా ఆ ఫారాలు చదువుతున్నది నేను. పెళ్ళి అని రాస్తారు, లేకపోతే చావని రాస్తారు. 'ఊరికే తిరిగిరావడానికి' అని ఒక్కతీ రాయలేదే.”

“రాస్తే ఇచ్చేవారా?”

“మొదటిసారి చీవాట్లు పెట్టేదాన్నేమో. రెండోసారి ఇచ్చేదాన్ని.” ఆంటీ కిటికీ వైపు తిరిగింది. “ఈ దారిన ఎన్నిసార్లు ఎగిరానో నాకే లెక్క లేదు. బర్కాలో ఎక్కడం, భీమవరంలో దిగడం. ఎవరైనా ఒక్కతి రాసుంటే, చూసి నేనూ రాసుకునేదాన్నే.”

విమానం మెల్లగా కదిలింది.

“కోటు ఏ రంగు?”

“ఎరుపు ఆంటీ.”

“బాగుంటుంది నీకు” అని, ఆవిడ పాస్‌పోర్టులు రెండూ హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు లాగేసింది.