ఆరో ట్రిప్పు

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను బాల్కనీలో ఉతికిన చొక్కాలు ఆరేస్తున్నాను. తొలినాళ్ళ చిన్న హెలికాప్టర్ కంపెనీల గురించి, వాటిలో పనిచేసిన పైలట్ల గురించి ఒక పుస్తకం వేస్తున్నారట. జ్ఞాపకాలు పోగుచేసే పని ఆ అమ్మాయి మీద పెట్టారట.

"సార్, వరదరోజు సంగతి మీ నోటితోనే వినాలండీ. అది లేకపోతే పుస్తకానికి కళే రాదు," అంది.

"ఒక్క వారం ఆగమ్మా," అన్నాను.

ఆగాల్సిన పనేముంది? నలభై ఒక్క ఏళ్ళుగా ఆ కథ చెబుతూనే ఉన్నాను. బడుల్లో చెప్పాను, క్లబ్బుల్లో చెప్పాను, మా మామగారి అరవయ్యో పుట్టినరోజున చెప్పాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి మంచినీళ్ళు తాగాలో నాకు కొట్టిన పిండి. లోపం ఒక్కటే. ఆ రోజు హెలికాప్టర్ నడిపింది నేను కాదు.

మాది రెండే రెండు హెలికాప్టర్ల కంపెనీ. అంతకుముందు బస్సులకు బాడీలు కట్టిన రేకుల షెడ్డే మా ఆఫీసు. ముందు భాగం గాజు బుడగలా ఉండే యంత్రాలు. పైలట్ పక్కన ఇద్దరు ఇరుక్కుని కూర్చోవచ్చు. బయట రెండు వైపులా మనిషి పడుకునేలా చెరో స్ట్రెచర్ బిగించి ఉండేది. పొలాలకు మందు కొట్టడం, కొండల మీద కరెంటు తీగలు చూసిరావడం, ఎప్పుడైనా ఒక రోగిని పెద్దాసుపత్రికి చేర్చడం మా పని. డ్రమ్ముల్లోంచి పెట్రోలును మెత్తటి తోలుగుడ్డతో వడకట్టి మేమే పోసుకునేవాళ్ళం. ఒళ్ళంతా పురుగుమందు కంపు. ఇంటికెళితే మా అమ్మ గుమ్మంలోనే ఆపి, "ముందు స్నానం, ఆ తర్వాతే కొడుకువి," అనేది.

మాకు ఎగరడం నేర్పింది గురువుగారు. అసలు పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళను నేను చూడలేదు. "రోడ్డు తర్వాత, ముందు తీగలు చూడు. తీగ కనపడకపోతే స్తంభాలు చూడు," అని రోజూ చెవిలో జోరీగలా పోరేవారు. ఆ ఏడాది ఆయన ఎడమకన్ను మసకబారింది. ఎగరొచ్చని డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వలేదు. రెండు నెలలుగా ఆయన రేడియో ముందు కూర్చుంటున్నారు. ఎగరాల్సిన పైలట్‌ను నేనొక్కణ్ణే. వయసు ఇరవై ఆరు.

వరద వచ్చిన రోజు పొద్దున తొమ్మిదింటికి కబురొచ్చింది. ఏటి మలుపులో ఉన్న పిండిమిల్లు మునిగిపోయింది, పైకప్పు మీద జనం ఉన్నారు, పడవలు ఆ సుడిలోకి వెళ్ళలేకపోతున్నాయి. రెండో హెలికాప్టర్ ఇంజను విప్పి బల్లమీద పరిచి ఉంది. ఉన్న ఒక్కదాన్నీ నేను లేపాను.

లోయలోకి దిగగానే గాలి నన్ను పక్కకు విసిరేసింది. మిల్లు పొగగొట్టం కనపడింది. దాని పక్కన తెగి వేలాడుతున్న తీగలు కనపడ్డాయి. పైకప్పు మీద ఎవరో తెల్లగుడ్డ ఊపుతున్నారు. కంట్రోలు కర్రను బిగించి పట్టుకున్నాను. ఎంత బిగిస్తే యంత్రం అంత ఊగింది. ఇంకా దగ్గరికి వెళ్ళలేదు. మనుషుల్ని లెక్కపెట్టను కూడా లేదు. తిప్పేశాను.

షెడ్డు ముందు దిగాక గురువుగారు, మా మెకానిక్ మేస్త్రీ పరుగెత్తుకొచ్చారు. "ఏమైంది?" అన్నారు గురువుగారు.

భయమేసిందని చెప్పడానికి నోరు తెరిచాను. "ఇంజను శబ్దం తేడాగా ఉంది," అన్న మాట బయటికొచ్చింది.

మేస్త్రీ వెంటనే రేకులు విప్పాడు. ప్లగ్గులు చూశాడు, పైపులు చూశాడు, నడిపి చూశాడు, ఆపి చూశాడు. ముప్పావుగంట. నేను పక్కనే నిలబడి స్పానర్లు అందించాను. చివరికి మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ నావైపు చూశాడు. గురువుగారు చొక్కా చేతులు మడుచుకుని, "మేస్త్రీ, ఎక్కు," అన్నారు.

మధ్యాహ్నంలోగా పదకొండుమందిని తెచ్చారు. స్ట్రెచర్ల మీద ట్రిప్పుకు ఇద్దరు. ఒక ట్రిప్పులో అదనంగా ఒక పసిపిల్ల, లోపల మేస్త్రీ ఒళ్ళో. నేను కింద నిలబడి తువ్వాళ్ళు కప్పాను. ఐదో ట్రిప్పు దిగగానే నన్ను దుప్పట్ల కోసం ఊళ్ళోకి పంపారు.

సాయంత్రం ఓనరుగారు, ఎప్పుడు ఎవరు నడిపారో రాసే లాగ్ బుక్కు తెచ్చి నా ముందు పెట్టారు. "సర్టిఫికెట్ లేని మనిషి నడిపాడంటే రేపటికి షెడ్డుకు సీలు వేస్తారు. మన పొట్టలన్నీ కొట్టుకుపోతాయి. నీ పేరు రాసెయ్." నేను గురువుగారి వైపు చూశాను. ఆయన కిటికీవైపు చూస్తూ, "రాయి అబ్బాయ్," అన్నారు. రాశాను. మర్నాడు పత్రికవాళ్ళు వచ్చి నన్ను హెలికాప్టర్ పక్కన నిలబెట్టి ఫొటో తీశారు.

ఆ ఫొటో నాకు పెద్ద కంపెనీలో ఉద్యోగం తెచ్చింది, పెళ్ళి సంబంధం తెచ్చింది. గురువుగారు మళ్ళీ ఎగరలేదు. కుడికన్ను బాగుండటంతో కార్ల డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నారు. ఒకసారి బజార్లో ఎదురుపడబోతే, చెప్పుల కొట్లో దూరి అవసరం లేని జోళ్ళు కొలత చూసుకున్నాను. ఆయన నన్ను చూసే ఉంటారు.

నా పిరికితనం అక్కడితో నన్ను వదల్లేదు. కొన్నేళ్ళకు మా ఆవిడ నాతో చెప్పకుండా కారు నేర్చుకోవడానికి చేరింది. వారం తర్వాత అన్నం వడ్డిస్తూ, "మా మేష్టారికి మీరు బాగా తెలుసట కదా! మీ గురించి అడిగితే ఒక్కటే మాటన్నారు," అంది.

"ఏమన్నారు?"

"మీవారి చేతిరాత చాలా బాగుంటుందమ్మా, అన్నారు. ఏమండీ, అన్నం కలిపి అలా కూర్చున్నారేం?"

ఆయన చివరిసారి చూసిన నా రాత ఆ లాగ్ బుక్కులోదే. ఆవిడకు కారు వచ్చింది. మా ఆయన వరద కథ విన్నారా అని కూడా ఆయన్ని అడిగిందట. విన్నానమ్మా, బాగా చెబుతాడట, అన్నారట.

ఇప్పుడు ఈ పుస్తకం. అచ్చులో పడితే ఇక ఎవరూ చెరపలేరు. నాలుగు రోజులు తన్నుకులాడి, ఐదోరోజు ఆయన ఇంటికి వెళ్ళాను.

ఎనభై ఆరేళ్ళు. ఇనుప మంచం, పక్కన రేడియో, గోడకు వాళ్ళావిడ ఫొటో. రెండో కన్ను కూడా చాలావరకు పోయింది. నా గొంతు విని, "రా అబ్బాయ్. కుర్చీ మీద బట్టలుంటాయి, తీసి కూర్చో," అన్నారు, నిన్ననే కలిసినట్టు.

"గురువుగారూ, ఆ రోజు నడిపింది మీరని రాయిస్తాను."

"రాయించకు."

"ఎందుకండీ?"

"నాలుగో ట్రిప్పులో నాకు తీగ కనపళ్ళేదు. మేస్త్రీ అరిచి నా మోచెయ్యి లాగాడు కాబట్టి బతికాం. పక్కన ఇద్దరు స్ట్రెచర్ల మీద కట్టి ఉన్నారు. చూపు పోతోందని ఒప్పుకోని గర్వంతో ఎక్కాన్నేను. అది ఘనకార్యమా?"

మేస్త్రీ పోయి పన్నెండేళ్ళయింది. ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

"కానీ నేను భయపడి..."

"భయపడి వెనక్కి రావడం తప్పని నేను నేర్పానా? గాలి బాగాలేదంటే తిరిగి రమ్మనే కదా చెప్పింది. భయమేసిందని అనుంటే అప్పుడే ఎక్కేవాణ్ణి. నువ్వు ఇంజను అన్నావు." ఆయన మంచం పట్టీ తడిమారు. "అప్పటికే నా చెవులకు తెలుసు, ఇంజను బాగుందని. నీ ముందే అనలేకపోయాను. అది నా తప్పు."

తల దించుకున్నాను. ఆయనకు కనపడదని తెలిసినా దించుకున్నాను.

"ఎన్ని ట్రిప్పులని చెబుతావు నీ కథలో?" అన్నారు.

"ఐదు."

"ఆరు. ఆఖరుది ఖాళీగా వచ్చాం."

"ఎవరికోసం వెళ్ళారు?"

"మిల్లు వాచ్‌మన్ కోసం. పైకప్పు మీద మొదట పన్నెండుమంది. హెలికాప్టర్ వచ్చి తిరిగెళ్ళిపోయేసరికి ఇక రాదనుకున్నారు. పసిపిల్ల దాహానికి ఏడుస్తోందని అతను బిందె కోసం మెట్లు దిగాడు. మెట్ల గోడ కూలింది. మేం అరగంట వెతికాం."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వు మళ్ళీ ఎగరవని. మంచి చెయ్యి నీది." తర్వాత మెల్లగా అన్నారు, "పత్రికలో ఆ ఫొటో చూశాను, నవ్వుతున్నావు. అప్పుడే చెప్పేద్దామనిపించింది, కోపంతో. కోపంలో చెప్పే మాట కాదని మింగేశాను."

ఆ కోపంలో నన్ను కొట్టి ఉన్నా బాగుండేది. ఆయన నాకు టీ పెట్టమని పనావిడను పిలిచారు. ఆ టీ మొత్తం తాగాను. వద్దనే హక్కు కూడా నాకు లేదనిపించింది.

వెళ్ళేముందు మళ్ళీ అడిగాను. "రాస్తే అంతా రాయి. నాదీ కలిపి," అన్నారు.

అంతా రాసి, ముందు ఇంట్లో మా ఆవిడకు చదివి వినిపించాను. సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణించే, "చదవండి, వినపడుతోంది," అంది. నాలుగు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడింది. పుస్తకం అమ్మాయి మాత్రం ఫోన్లో అంతా విని, "ఆ వాచ్‌మన్ వాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కుంటాను సార్," అంది.

ఒక చెల్లెలు ఉంది. బట్టలు కుట్టే చిన్న కొట్టు. నేను వెళ్ళేసరికి మెడలో టేపు వేసుకుని గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తోంది. నేనెవరో చెప్పాను.

"మా అన్న నీళ్ళకోసం దిగాడని అప్పుడే చెప్పారండీ," అంది. "హెలికాప్టర్ వచ్చి వెళ్ళిపోయిందని కూడా చెప్పారు. ఎందుకు వెళ్ళిపోయిందో మాత్రం ఎవర్నడిగినా తెలియదన్నారు. మా అమ్మ పోయేదాకా అదే అడిగింది."

చెప్పాను. ఇంజను మాటతో సహా.

ఆవిడ సుద్దముక్క కింద పెట్టింది. "అంటే ఇంజను బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉందమ్మా."

ఎవరో జాకెట్టు తీసుకోవడానికి వచ్చారు. ఆవిడ లేచి వెతికి, మడతపెట్టి ఇచ్చి పంపింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

"ఆ పుస్తకంలో మా అన్న పేరు వేస్తారా?"

"తప్పకుండా వేస్తారు."

పాత బిల్లు వెనక పేరు రాసి నా చేతికిచ్చింది. ఒక్కో అక్షరం విడివిడిగా, పెద్దగా రాసింది. "తప్పు పడనివ్వకండి," అంది. తర్వాత మిషను ముందుకు జరిగి, నావైపు చూడకుండా, "ఇక మీరు రానక్కర్లేదండీ," అంది.

సరేనమ్మా అన్నాను. మెట్లు దిగుతుంటే వెనక మిషను చప్పుడు మొదలైంది. కాస్త నడిచి ఆగింది. మళ్ళీ మొదలైంది.