పరస్థానంలో ఉన్న టెంట్

నేను ఒక టెంట్‌ని. నారింజ రంగు. నలుగురికి సరిపోతానని నా సంచి మీద రాసుంది, ఆ నలుగురూ ఏ సైజువాళ్ళో మాత్రం రాయలేదు. ఇప్పటిదాకా నాలో ఒక్కరు కూడా నిద్రపోలేదు. అయినా సరే, మా అపార్ట్‌మెంట్ మొత్తంలో అందరికంటే పొడుగు ప్రయాణం చేస్తున్నది నేనే. అదెలాగో చెప్తా, కొంచెం ఓపిక పట్టండి.

నన్ను ఫ్యాక్టరీలో కుట్టినావిడ జిప్పు పైకీ కిందకీ లాగి చూసి, "ఇళ్ళున్నవాళ్ళే కొంటారంట ఇవి" అని పక్కావిడతో అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. అక్కణ్నుంచి హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపుకొచ్చాను. అక్కడ నన్ను ప్లాస్టిక్ గడ్డి మీద నిలబెట్టారు. జనం వచ్చేవాళ్ళు, లోపల పడుకునేవాళ్ళు, అడవిలో ఉన్నట్టు మొహం పెట్టి సెల్ఫీ దిగేవాళ్ళు, ఒక వాటర్ బాటిల్ కొనుక్కుని పోయేవాళ్ళు. నేనంటే సెల్ఫీ కోసమే అని దాదాపు ఫిక్సయిపోయాను.

అప్పుడు ఫణీంద్ర వచ్చాడు. కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఇంట్లో భార్య, తల్లి శేషారత్నం గారు, పదో తరగతి పరీక్షలు రాసేసిన కూతురు చార్వి. ఈ చార్వి కోసమే నన్ను కొన్నాడు. చార్వికీ, ఎల్‌కేజీ నుంచి తన పక్కనే కూర్చునే కెజియాకీ వచ్చే సోమవారం నుంచి ఇంటర్ హాస్టళ్ళు. ఒకళ్ళు విజయవాడ, ఒకళ్ళు వైజాగ్, ఇద్దరి దగ్గరా ఫోన్లుండవు. మధ్యలో మిగిలింది ఒకే ఒక్క శని, ఆదివారం. వాళ్ళు అడిగింది కూడా ఒక్కటే: కృష్ణ సముద్రంలో కలిసే వైపు, మడ అడవి పక్కన ఎవరూ ఉండని ఇసక మీద ఒక రాత్రి పడుకోవాలి, పొద్దున్నే లేచి తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్ళడం చూడాలి. అంతే.

అంతేనా? పెద్దవాళ్ళు ప్లానింగ్ మొదలుపెట్టారు.

కెజియా వాళ్ళ నాన్న ప్రభుదాస్ అంకుల్ 'సముద్రం గ్యాంగ్' అని గ్రూప్ పెట్టాడు. ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ తెచ్చాడు, అది మాత్రం మెచ్చుకోవాలి. మిగతాదంతా చర్చే. దారిలో బాత్రూములెక్కడ, పులిహోర ఎవరు చేస్తారు, దోమలకి ఏం పూసుకోవాలి, కార్లో ఎవరికి వాంతులొస్తాయి. అడవికి పోతూ కుక్కర్ కూడా తీసుకెళ్దామన్నారు. పిల్లలకి బోర్ కొట్టకూడదని పిల్లలు తప్ప అందరూ మాట్లాడారు. చివరికి అంకుల్ ఒక టైమ్‌టేబుల్ పంపాడు. అందులో 'ఆరు నుంచి ఏడు వరకు: పిల్లల స్వేచ్ఛ' అని ఉంది.

చార్వి అది చదివి, "డాడీ, హాస్టల్ సోమవారం నుంచి కదా, మీరు శనివారమే మొదలెట్టేశారేంటి" అంది.

ఫణీంద్ర వినలేదు, టార్చిలైట్ల రివ్యూలు చూస్తున్నాడు.

ఇంతలో అసలు దెబ్బ హాల్లో కూర్చుని బీన్స్ తుంచుతున్న శేషారత్నం గారి దగ్గర్నుంచి పడింది. "శనివారం బయల్దేరి తూర్పుకా? వారశూల కదరా. శని, సోమాల్లో తూర్పు మొహం చూడకూడదు" అంది. ఫణీంద్రకి శుక్రవారం సెలవు లేదు. సముద్రాన్ని పడమటికి జరపడం ప్రభుదాస్ అంకుల్ టైమ్‌టేబుల్ వల్ల కూడా కాదు. "అయితే వచ్చే ఏడాది చూద్దాంలే" అని ఫణీంద్ర అనేశాడు. చార్వి లేచి గదిలోకి పోయింది. తలుపు కూడా మెల్లగానే వేసుకుంది. అందుకే ముసలావిడకి బాధేసింది. తలుపు ధడాల్న వేసుంటే తిట్టేసి ఊరుకునేది.

"ఒక దారుందిలే. పరస్థానం పెడదాం" అంది.

నాకప్పుడు తెలియదు ఆ మాట. మంచిరోజు చూసి, సామాన్లలో ఒక వస్తువుని మనం వెళ్ళే దిక్కున ఇంకొకళ్ళింట్లో పెట్టొస్తే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్కట. తర్వాత మనం ఎప్పుడు కదిలినా దోషం ఉండదు. ఎంత తెలివి చూడండి, దేవుడి దగ్గర కూడా వెబ్ చెకిన్ చేసేస్తారు వీళ్ళు. బట్టలింకా ఎవరూ సర్దలేదు, రెడీగా ఉన్నది నేనొక్కదాన్నే. గురువారం పొద్దున నాకు బొట్టు పెట్టి, తూర్పున ఎదురు ఫ్లాటులో ఉండే జుబేదా ఆంటీ దివాన్ మీద కూర్చోబెట్టారు.

"ఉంచండమ్మా, ఏమన్నా తింటుందా తాగుతుందా" అంది ఆంటీ.

శనివారం తెల్లవారుజామున కార్లోకి కుక్కర్ ఎక్కింది, పులిహోర ఎక్కింది, టార్చిలైట్లన్నీ ఎక్కాయి. నేను ఎక్కలేదు. ప్రయాణం గురువారమే మొదలుపెట్టినదాన్ని, దివాన్ మీదే ఉండిపోయాను.

మధ్యాహ్నం జుబేదా ఆంటీ నన్ను భుజానేసుకుని ఎదురింటి తలుపు కొట్టింది. "అమ్మా, మీవాళ్ళు దీన్ని మరిచిపోయి పోయారు."

శేషారత్నం గారు గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. "గడప దాటించకు జుబేదా. అది వెనక్కొస్తే ప్రయాణం వెనక్కొచ్చినట్టే."

మళ్ళీ నేను దివాన్ మీదకి. ఈసారి పెద్దావిడ కూడా నాతో వచ్చి కూర్చుంది. సాయంత్రం అక్కడే ఆవిడ ఫోన్ మోగింది. ఫణీంద్ర ఇసక మీద నిలబడి సంచులన్నీ తిరగేసినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"అమ్మా, టెంటు మర్చిపోయాం. ఇంక ఇక్కడేం పడుకుంటాం, విజయవాడ పోయి ఏదైనా హోటల్లో..." వెనకాల చార్వి, కెజియా గొంతులు ఒక్కటి కూడా వినపడలేదు. అది శేషారత్నం గారు గమనించింది.

"హోటలేంట్రా. టెంటు ప్రయాణంలో ఉంది. అది చేరకుండా మీరు వెనక్కి తిరిగితే మహా దోషం. పొద్దు పొడిచేదాకా ఆ ఇసక దాటి అడుగు వెయ్యకండి."

"ఏ పంచాంగంలో ఉందమ్మా ఇది?"

"పంచాంగం చూడ్డం వచ్చా నీకు?"

"రాదు."

"మరి నోరుమూసుకుని దుప్పటి పరుచుకో."

ఫోన్ పెట్టేశాక జుబేదా ఆంటీ మెల్లగా అడిగింది, "నిజంగా ఉందా అమ్మా అట్లా?"

"ఇవాళ్టి నుంచి ఉంది" అంది పెద్దావిడ.

తెల్లారగానే వీడియో కాల్. పెద్దావిడా ఆంటీ నన్ను ఆనుకుని కూర్చున్నారు కాబట్టి నేనూ చూశాను. చార్వి జుట్టు నిండా ఇసక, కెజియా ఒక కాలికే చెప్పు. కొంచెం దూరంలో తాటాకు పందిరి కింద వలలు బాగుచేసుకునే వాళ్ళు టార్పాలిన్ ఇచ్చారట, ఎవరూ దాని మీద పడుకోలేదట, మాట్లాడుకుంటూనే ఉన్నారట. టైమ్‌టేబుల్ పులిహోర కింద పరిచేశారట. తర్వాత చార్వి ఫోన్ కిందకి తిప్పింది. అరచేతిలో సగం ఉన్న నల్లటి తాబేలు పిల్లలు, పడుతూ లేస్తూ నీళ్ళవైపు. శూల చూసుకోకుండా అన్నీ తూర్పుకే పోతున్నాయి. శేషారత్నం గారు వాటినేమీ అనలేదు.

నేనక్కడ ఉండుంటే? అందరూ జిప్పు వేసుకుని, దోమలు రాకుండా, లోపల పడుకునేవాళ్ళు. నేను రాకపోవడమే ఈ ట్రిప్‌కి నేను చేసిన సాయం. ఒప్పుకోవడం కొంచెం కష్టంగానే ఉంది.

ఆదివారం సాయంత్రం వచ్చారు. ఫణీంద్ర నన్ను తీసుకుపోవడానికి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. వెనకే చార్వి వచ్చింది.

"ఆగు డాడీ. నాయనమ్మా, ఇది మనింట్లోకి వస్తే ట్రిప్ అయిపోయినట్టే కదా?"

పెద్దావిడ తను పెట్టిన రూల్లో తనే ఇరుక్కుంది. "అయిపోయినట్టే" అంది.

"అయితే ఇక్కడే ఉండనీ. దసరా సెలవులకి కెజియా వస్తుంది, అప్పుడు చూద్దాం. మేమింకా తిరిగి రాలేదు."

మర్నాడు సోమవారం. విజయవాడ అంటే మళ్ళీ తూర్పే, మళ్ళీ శూలే, కాలేజీ వాళ్ళు అవేమీ చూడరట. లిఫ్ట్ దగ్గర పెట్టె పట్టుకుని చార్వి నిలబడింది. ఫణీంద్ర భయంభయంగా తల్లి వైపు చూశాడు.

"పర్లేదు, వెళ్ళిరా తల్లీ" అంది శేషారత్నం గారు, జుబేదా ఆంటీ తలుపు సందులోంచి నా వైపు చూస్తూ. "టెంటు ముందే బయల్దేరింది కదా. ఇదీ ఆ ప్రయాణమే."

లిఫ్ట్ కిందకి దిగిపోయింది. నేనిప్పటికీ ఆ దివాన్ మీదే ఉన్నాను. జుబేదా ఆంటీ నన్ను బాలీసులా ఆనుకుని టీవీ చూస్తుంది. అప్పుడప్పుడూ శేషారత్నం గారొచ్చి నా మీద దుమ్ము దులిపి, నేను పడమటికి ఒక్క అంగుళం కూడా జరగలేదని చూసుకుని వెళ్తుంది.