మూడో వరుసలో పిచ్చమ్మ

పళ్ళెం బరువేమీ లేదు, వేలెడంత గ్లాసులు నలభై, అడుగున కాస్త ద్రాక్షరసం, మరి చేతులెందుకు ఇలా వణుకుతున్నాయి, వయసనుకుంటారులే, అనుకోనీ, నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర పళ్ళెం పట్టుకునేది సంఘపెద్ద ఏసుపాదమేనని తిరువూరు మందిరంలో అందరూ ఎరుగుదురు, మనసులో ఏదైనా ఉన్నవాళ్ళు సరిచేసుకుని తీసుకోండి అని పాస్టరుగారు ఇందాకే అన్నారు, అన్నప్పుడు ఆయన చూపు గడియారం మీదే ఉంది, అయినా తనకు ఒళ్ళంతా చెమట పట్టింది, మొదటి వరుస అయింది, రెండోది సగమైంది, మూడో వరుసలో చాప చివర పిచ్చమ్మ ముసుగు సర్దుకుంటోంది, ఆ రోజు పెనుగొలను మలుపులో ట్రాక్టరు నడిపింది అల్లుడు, పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నది తను, మందు వాసన గుప్పుమంటున్నా ఆపు బాబూ అనలేదు, అల్లుడు కదా, మొహమాటం, పాడు మొహమాటం, పిచ్చమ్మ మొగుడు పాపం రోడ్డు దిగి మట్టిలోనే సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు, ట్రాక్టరే రోడ్డు దిగి గుద్దేసింది, పోలీసు స్టేషను మెట్ల మీద వినీల కాళ్ళు పట్టేసుకుంది, నాన్నా నా కాపురం నీ నోట్లో ఉంది, కన్నకూతురు, ఏం చెయ్యగలడు, ప్రభువా నా నోటికి మాటియ్యి అని ప్రార్థించుకునే లోపలికి వెళ్ళాడు, తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట ఇది, ఆయనే అడ్డమొచ్చాడు సార్.

భూస్థాపన నాడు పిచ్చమ్మ తన చెయ్యే పట్టుకుని ఏడ్చింది, చూపు ఆనట్లేదు సైకిలెక్కొద్దని మొత్తుకుంటానే ఉన్నానన్నయ్యా, విన్లా, నువ్వు కళ్ళారా చూశావు గనక సరిపోయింది, లేకపోతే మీ అల్లుణ్ణి శాపనార్థాలు పెట్టేదాన్ని, అయ్యో తల్లీ, అప్పుడే చెప్పెయ్యాల్సింది, మూడు నెలలైంది, మూడు నెలలుగా అందరికీ అందించి తన గ్లాసు మాత్రం పెదవికి ఆనించి వెనక గదిలో పారబోస్తున్నాడు, ఇప్పుడు చెప్తే వినీల ఏమైపోతుంది, చెప్పకపోతే తనేమైపోతాడు, పళ్ళెం ఇంకొకరికి ఇచ్చేద్దామంటే ఏమైంది పెద్దాయనా అని అందరూ అడుగుతారు, కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి, ఇదిగో మూడో వరుస, పిచ్చమ్మా అన్నాడు, అనేశాడు, ఆమె తలెత్తి చూసింది, ఏంటన్నయ్యా, ఒంట్లో బాలేదా, చేతులు వణుకుతున్నాయే, ఉండు నేను తీసుకుంటాగా అని గ్లాసు తనే తీసుకుని కళ్ళు మూసుకుంది.

పళ్ళెం నాలుగో వరుస వైపు తిప్పాడు, ఆమె మొహంలో అనుమానం మచ్చుకైనా లేదు, ఆనాడు స్టేషన్లో ఎస్సైగారి మొహంలోనూ లేదు, ఏసుపాదంగారే చెప్పాక ఇంకో సాక్షి ఎందుకయ్యా అని కాయితం మడిచేశాడు, ఇంకెవరు చెప్పినా మలుపు దగ్గరికి వెళ్ళి చక్రాల జాడ చూసేవాళ్ళు, అల్లుడి నోరు వాసన చూసేవాళ్ళు, తను చెప్పాడు గనక ఎవరూ ఏమీ చూడలేదు, అల్లుణ్ణి కాపాడింది అబద్ధం కాదు, తను నలభై ఏళ్ళుగా ఆడని అబద్ధాలు.