కనుబొమ్మ మీది బొగ్గు మచ్చ

“ఒక్క మనిషికి రెండు పేర్లెట్లుంటయమ్మా? ఇద్దరి మందు ఒక్క సంచిల ఏస్కపోదామని చూస్తున్నరా?”

దవాఖాన కౌంటర్ వెనక కూర్చున్న గుమాస్తా ఈ మాటను వరుసలో ఉన్న ముప్పై మందికీ వినబడేలా అన్నాడు. అనసూర్యకు ఒళ్లు మండింది. జ్వరంతో కాగిపోతున్న మొగుణ్ణి భుజానికి ఆనించుకుని, గోదావరిఖనిలో మొదటి బస్సు పట్టుకుని వచ్చింది ఈ మాట పడటానికా?

పొరపాటు ఆమెది కూడా ఉంది. ఎన్ని కాగితాలు చూపిస్తే పని అంత తొందరగా అవుతుందనుకుని, రెండేళ్ల కిందటి హెచ్‌ఐవి పరీక్ష కాగితాన్ని కూడా కిటికీలోంచి లోపలికి నెట్టింది. దాని మీద పేరు రఘుపతి. పోయిన వారం పరీక్ష కాగితం మీద, రేషన్ కార్డు మీద పేరు గట్టయ్య. రెండు పేర్లూ ఆమె మొగుడివే.

బొగ్గుబాయి ఎరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. ఇరవై రెండేళ్ల కిందట రఘుపతి అనే అతనికి బాయిలో పని దొరికింది. ఒక్క షిఫ్టు కిందికి దిగి, ఆ చీకటి చూసి, పైకి వచ్చినవాడు వచ్చినట్టే ఊరికి పోయాడు. పేరు మాత్రం హాజరు పట్టీలో, అంటే మస్టర్‌లో, మిగిలిపోయింది. ఆ పేరులోకి గట్టయ్య దూరాడు. అలా దూరినవాళ్లు ఒకరా ఇద్దరా! క్వార్టర్ రఘుపతి పేరున వచ్చింది. పెళ్లి పత్రికా, రేషన్ కార్డూ గట్టయ్య పేరున ఉన్నాయి. కిటికీ వెనక కూర్చుని ఎవరు పేరడిగినా సరే, అతని నోరు దానంతటదే “రఘుపతి” అనేస్తుంది. మొదటిసారి రక్తం ఇచ్చినప్పుడూ అలాగే అనేశాడు. ఇంటికొచ్చాక గుర్తొచ్చి, ఆ కాగితం కంపెనీ చేతిలో పడుతుందేమోనని వణికిపోయి, మళ్లీ దవాఖాన గడప తొక్కలేదు.

“కంపెనీ నుంచి కాగితం తేండ్రి. గట్టయ్య, రఘుపతి ఒక్కడే అని రాసియ్యమను. అప్పుడు చూస్త,” అని గుమాస్తా రెండు కాగితాలూ పక్కన పడేశాడు.

ఎంత తేలిగ్గా అన్నాడు! ఆ కాగితం అడిగితే మరునాడే నౌకరి ఊడుతుంది, క్వార్టర్ ఖాళీ చెయ్యమంటారు. అడగకపోతే మందు రాదు. మందు రాకపోతే గట్టయ్య ఈ వానాకాలం దాటడు.

“పోదాం పా అనసూర్యా,” అన్నాడు గట్టయ్య బెంచీ మీద ఒరిగి. “నౌకరన్న మిగులుతది.”

“నువ్వు లేకుంట నౌకరి నేనేం జేస్కోవాలె? ఈడ్నే కూసో,” అని కసిరి, ఆమె ఎవరినీ అడక్కుండా డాక్టరు గది తలుపు తోసుకుని లోపలికి పోయింది.

డాక్టరు దీప బాయి పనివాళ్లుండే సెంటినరీ కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి బాయిలోనే పనిచేసి రిటైరయ్యాడు. అందుకే పేర్ల సంగతి ఆమెకు సగం చెప్పేసరికే అర్థమైపోయింది.

“అప్పుడు రక్తంల కణాల లెక్క ఐదు వందల నలభై ఉండె,” అంది అనసూర్య. “ఇప్పుడే మందు అక్కర్లేదు, ఆరు నెల్లకు మళ్ల రాండ్రి అన్నరు. ఇప్పుడు నూట అరవై. మా బావ సదానందం ఏమన్నడో ఎరికేనా డాక్టరమ్మా? కడుపు నిండ తిను, లోపలున్న సైన్యమే కొడ్తది అన్నడు. ఇప్పుడేమో తమ్ముని ఒంట్ల పస లేదని వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతున్నడు. ఆయనేనా, నేను గూడ అన్న. కోపమొచ్చినప్పుడల్ల పసలేనోడా అని తిట్టిన.”

“పస లేక కాదక్కా,” అంది దీప. “రెండేండ్లు కాదు, అంతకు ముందు నుంచే ఆయన ఒళ్లు కొట్లాడుతున్నది. ఎట్లనో చెప్త ఇను. మన రక్తంల టీ కణాలుంటయి. కొన్ని హుకుం ఇస్తయి, కొన్ని చంపుతయి. ఈ వైరస్ పోయి ఆ హుకుం ఇచ్చే కణాలల్లనే దాక్కుంటది. ఆ నూట అరవై వాటి లెక్కనే. కని అది దాక్కున్న కణం ఊకోదు. లోపలున్న వైరస్‌ల నుంచి చిన్న ముక్క తీసి బయటికి పట్టి చూపిస్తది. బాయిల దిగేముందు హాజరు బిళ్ల, టోకెన్, చూపిచ్చినట్టు. చంపే కణాలు ఆ ముక్కను గుర్తువట్టి, ఆ కణాన్ని అక్కడ్నే ఖతం జేస్తయి.”

“మరి చంపుతే ఎందుకు పోతలేదు?”

“వైరస్ తన నకలు తనే రాసుకుంటది. జల్దిజల్ది రాస్తది, తప్పులు రాస్తది. శానా తప్పులకు అదే సస్తది. కని ఒక్కోపారి ఆ టోకెన్ ముక్కనే మారిపోతది. ఇగ చంపే కణం ముంగటికెళ్లి పోయినా గుర్తువట్టలేదు. అట్ల తప్పిచ్చుకున్నదే పిల్లల్ని పెడ్తది. ఒళ్లు మళ్ల కొత్త ముక్కను గుర్తువట్ట నేర్చుకుంటది. అది మళ్ల మారుతది.”

“అంత తెలివా దానికి?”

“తెలివి లేదు, ఏం లేదు. ఉత్త తప్పులు. పనికొచ్చిన తప్పు మిగులుతది, అంతే. మందు ఆ నకలు రాసుడును ఆపుతది. రాయకుంటే మారుడు ఎక్కడిది? అందుకే గోలీలు ఒక్క పూట తప్పొద్దు. తప్పితే ఆ సందుల మళ్ల రాస్తది.”

తెలివైన శత్రువు చేతిలో ఓడిపోయారంటే అనసూర్య కొంత ఓర్చుకునేదేమో. బుర్రా లేని, బుద్ధీ లేని పురుగు, తప్పుల మీద తప్పులు రాసుకుంటూ తన మొగుణ్ణి తినేస్తోందంటే ఆమెకు కోపం పొంగుకొచ్చింది. ఆ మనిషి ఒళ్లు ఇన్నాళ్లూ ఎవరికీ కనబడకుండా పోరాడుతుంటే, ఇంట్లో తను పసలేనోడా అని తిట్టింది. ఆ సిగ్గు కూడా కోపంలో కలిసింది.

“అది మార్చుకోనిది ఏదీ లేదా?” అంది.

“ఉంటది. కొన్ని ముక్కలు మార్చుకుంటే వైరస్‌కే చేతగాకుంటయితది. ఎవలి చంపే కణాలు అసొంటి ముక్కను గుర్తువడ్తయో, వాళ్లు ఎక్కువ రోజులు నిలబడ్తరు.”

మారనిది తన మొగుడి ఒంటి మీదా ఒకటుందని అనసూర్యకు తట్టింది. తర్వాత వచ్చినంత దూకుడుగా బయటికి నడిచింది. ఏం జరుగుతుందోనని దీప వెనకే వచ్చింది.

“సారూ, ఆ రెండు కాగితాలు తియ్యి. పుట్టుమచ్చలు, గుర్తులు అని రాసిన కాడ సదువు.”

“ఎందుకమ్మా మళ్ల...”

“సదువుమంటున్న!”

గుమాస్తా డాక్టరు వైపు చూసి, విసుక్కుంటూ చదివాడు. రఘుపతి కాగితంలో, ఎడమ కనుబొమ్మ మీద నల్లటి గాయపు మచ్చ. గట్టయ్య కాగితంలోనూ అదే. అనసూర్య మొగుణ్ణి లేపి నిలబెట్టి, తలకు చుట్టుకున్న తువ్వాలు లాగేసింది. ఎప్పుడో బాయి కప్పు పెళ్ల విరిగి మీద పడినప్పుడు, గాయంలో బొగ్గుపొడి ఉండిపోయి చర్మం కిందే నల్లగా మానిన మచ్చ అది.

“సూడు. పేరు మారింది గని ఇది మారిందా? ఆ పురుగు పూటకో వేషమేసి ఒళ్లంత తిరుగుతున్నది, దాన్ని ఒక్కడు కాగితం అడగడు. తిండికి లేక ఒక్కపారి పేరు మార్చుకున్నోన్ని పట్టుకోని మందియ్యనంటవా? ఇరవై రెండేండ్లు బొగ్గు తవ్విన చేతులు మస్టర్ల ఉన్నోనియా, ఈ నిలబడ్డోనియా? నువ్వు ఏస్కునే ఫ్యాన్ ఎవలి బొగ్గుతోని తిరుగుతున్నది?”

వరుసలో ఎవరో “అడుగవ్వా, అడుగు” అన్నారు. దీప రెండు కాగితాలనూ తీసుకుని, రెండూ ఒకే మనిషివని తన చేత్తో రాసి సంతకం పెట్టింది.

“కంపెనీ కాగితం అవసరం లేదు. ఈ ఫైలు ఈ దవాఖాన దాటిపోదు. కొత్త కార్డు రాయండి,” అంది గుమాస్తాతో.

అతను కలం తీశాడు. “పేరు?”

గట్టయ్య పెదవులు “ర” అనబోయి ఆగిపోయాయి. తనే చెప్పేద్దామని అనసూర్య నోటిదాకా వచ్చింది, కానీ పళ్లు బిగబట్టింది.

“గట్టయ్య.”

“తండ్రి పేరు?”

ఇరవై రెండేళ్లుగా బాయి మీద ఎవరడిగినా అతను రఘుపతి తండ్రి పేరే చెప్పాడు. తండ్రి చచ్చిపోయిన రోజు కూడా, సెలవు చీటీలో తండ్రి అని రాయడానికి వీల్లేక, చిన్నాయిన అని రాయించుకుని ఊరికి వెళ్లాడు. గట్టయ్య కౌంటర్ చెక్క పట్టుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు వరదలా కారుతున్నా తుడుచుకోలేదు.

“ఆగయ్య,” అన్నాడు. “మా నాయిన ఆగయ్య.”

“రాసుకో సారూ,” అంది అనసూర్య. “తప్పు వోకుంట రాసుకో.”