జేబులో దొరికిన తాళంచెవి

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఒక ప్యాంటు జేబులో నాకు తాళంచెవి తగిలింది.

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. పుట్టింది ఫ్యాక్టరీలో. కొన్నేళ్లు ఒక హోటల్లో దుప్పట్ల మీద తిరిగాను. హోటల్ మూతపడ్డాక వేలంలో గల్ఫ్‌లోని ఈ లాండ్రీకి చేరాను. నాలో పోసిన నీరు ఆవిరయ్యేటప్పుడు నాకు కల వస్తుంది. కలలో చొక్కాలు మనుషులు లేకుండా నడిచి వెళ్తాయి. గేటు దగ్గర కాపలావాడు వాటిని కార్డు అడగడు.

నన్ను పట్టుకునేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన గంగరాజం. పక్కన ఆవిరి ప్రెస్సు దగ్గర అతని బామ్మర్ది పోశెట్టి. పోయిన వారం ఆ ప్రెస్సు పోశెట్టి కుడి అరచేతిని కాల్చింది. చెయ్యి చీము పట్టింది. ఆసుపత్రికి వెళ్తానంటే యజమాని వీర్రాజు ఒప్పుకోలేదు. ఇద్దరి నివాస కార్డుల గడువు దాటిపోయింది. పొడిగించాల్సింది వీర్రాజు. పొడిగించలేదు. పాస్‌పోర్టులు ఆయన సొరుగులో ఉన్నాయి.

"ఆసుపత్రని గేటు దాటి చూడు, పారిపోయావని కేసు పెట్టేస్తాను," అన్నాడు. "కార్డు లేనోడివి. లోపలేసి, అట్నుంచి అటే విమానం ఎక్కించేస్తారు."

గురువారం వ్యాన్లో బట్టలు అందించడానికి వెళ్లిన గంగరాజం కార్మిక కార్యాలయం దగ్గర దిగి ఫిర్యాదు చేశాడు. తిరిగొచ్చి, నన్ను వేడి చేస్తూ పోశెట్టికి చెప్పాడు.

"మనమే ముందుగాల కంప్లెంటిచ్చినం. ఇగ విచారణ అయ్యేదాక ఆయన కేసు నడ్వదట. కార్డు చేపియ్యకపోవుడు గూడ ఆయన తప్పేనట. ఐతారం వస్తమన్నరు."

అప్పటి నుంచి నా కలలో చొక్కాలు గేటు వరకు వెళ్లి, ఎవరికోసమో ఎదురుచూస్తూ ఆగిపోతున్నాయి.

ఆదివారం నాకు తగిలిన తాళంచెవి ఆ సొరుగుది. ప్యాంటు వీర్రాజుది. ఇస్త్రీకి వేసి బయటికి వెళ్లాడు.

"బావా, సేటు లేడు. తీద్దాం పా," అన్నాడు పోశెట్టి.

"దొంగతనం కేసు గూడ నెత్తినేస్కుంటవా? ఉన్నయి సాల్తలేవా నీకు?"

లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. జేబులో దొరికినదాన్ని ఆ బట్ట చీటీతో పాటు డబ్బాలో వేసి, బట్ట ఎవరిదో వాళ్లకు ఇవ్వాలి. గంగరాజం తాళంచెవిని డబ్బాలో వేశాడు. మనుషులు తమ జేబులో ఏముందో మరిచిపోతారు. ఎదుటివాడి జేబులో ఏముండకూడదో మరిచిపోరు.

వీర్రాజు తిరిగొచ్చిన కాసేపటికి కార్మిక అధికారి వచ్చాడు, దుబాసీతో. పాస్‌పోర్టులు చూపమన్నాడు.

"సొరుగు తాళంచెవి ఎక్కడో పడిపోయిందండీ. వెతికి రేపు పట్టుకొస్తాను," అన్నాడు వీర్రాజు.

గంగరాజం నన్ను నిలబెట్టి, డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పోలే సేటూ. నీ ప్యాంటు జేబులనే ఉండె. దొరికింది ఎవలది వాళ్లకియ్యాలె. గది నువ్వు పెట్టిన పద్ధతే గద!"

అధికారి సొరుగు తెరిపించాడు. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల చేతికిచ్చాడు. కార్డులు పొడిగిస్తానని వీర్రాజు చేత సంతకం పెట్టించుకున్నాడు.

పోశెట్టి ఎడమ చేత్తో పాస్‌పోర్టును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది నేనెప్పుడూ తాకని చొక్కా. ఆసుపత్రికి బయల్దేరాడు. కాపలావాడు గేటు తెరిచాడు. కార్డు అడగలేదు.