పాతచొక్కా ఎవరు?

పొద్దున్నే కూరగాయలు తరుగుతూ కూర్చునే అత్తగారి దగ్గరికి ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని వస్తూనే ఉంటారు. ఆవిడ తడిచెయ్యి తుడుచుకుని, తెర మీది రాతపై బొటనవేలు ఆనిస్తుంది. వేలు వెచ్చబడుతుంది. ఆ మాటలు ఎవరివో ఆవిడ నోరు దానంతటదే చెప్పేస్తుంది, ఇంటిపేరుతో సహా. ఆపైన మళ్ళీ బెండకాయల్లో పడిపోతుంది. పక్కింటాయనకి వాన ముందు మోకాలు సలుపుతుంది, ఈవిడకి వేలు వెచ్చబడుతుంది. వీధికి అది అంతకంటే పెద్ద విషయం కాదు. ఆవిడ చెప్పింది తప్పిందన్న మాట మాత్రం ఇంతవరకూ లేదు.

ఆ వీధంతా అద్దాల ఫ్యాక్టరీ వాళ్ళ క్వార్టర్లే. అందరికీ కలిపి ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో సొంత పేరుతో ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకడు తుప్పుమేకు, ఒకామె మూడో కుళాయి, గ్రూపు పెట్టిన లేత్ మేస్త్రీ పెద్దపిల్లి. ఆ ముసుగుల చాటున మంచీ జరిగింది, చెడూ జరిగింది. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడపిల్ల మీద ఒకడు రోత రాతలు రాస్తే, తల్లి ఏడుస్తూ వచ్చింది. అత్తగారు వాడి పేరు చెప్పింది, వీధంతా కలిసి వాడికి గడ్డి పెట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. సంగతి మేనేజరు చెవిన పడింది. మాస్కులు ఇవ్వడం లేదని ఎవరో రాసింది పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడకి చదువు రాదు, అందులో ఏముందో అడగకుండానే వేలు పెట్టింది. మర్నాడు బాయిలర్ మనిషి ఉద్యోగం ఊడింది. అప్పట్నుంచి ఆవిడకి ముద్ద సరిగ్గా దిగడం లేదు.

ఇప్పుడు మేనేజరు పాతచొక్కా కోసం వెతుకుతున్నాడు. సానపట్టే గదిలో గాజుదుమ్ము గురించి వారం వారం రాస్తున్నది ఆ పాతచొక్కానే. ఆ పాతచొక్కా ఈ ఇంటి కోడలే.

ఈ సంగతి మొగుడికి కూడా తెలియదు. అతను అదే ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజరు. పేరు బయటపడితే అతని ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఇల్లూ పోతుంది. అందుకే సోమవారం నుంచి గ్రూపులో అందరూ అసలు పేర్లు పెట్టాలని మేనేజరు హుకుం జారీ చేసినప్పుడు ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. అసలు పేర్లు పెడితే ఇకనుంచి పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ కనబడవని పెద్దపిల్లి మండిపడ్డాడు. రాసేవాడికి మొహం ఉండి తీరాలని ప్యాకింగ్ పిల్ల తల్లి పట్టుబట్టింది. ఆమె కూతురు పడ్డ ఏడుపు చూసిన కోడలు ఆ మాట తప్పని అనలేకపోయింది.

ఆదివారం పొద్దున మేనేజరు రానే వచ్చాడు. కొడుకు కుర్చీ వేశాడు. గుమ్మం ముందు నలుగురూ మూగారు. పాతచొక్కా పేరొక్కటి చెప్పేస్తే మిగతావాళ్ళ జోలికి రానని మేనేజరు బేరం పెట్టి, ఫోన్ ముందుకు జరిపాడు.

అత్తగారు ఫోన్ వంక చూసింది కానీ చెయ్యి కదపలేదు.

"నాకు ఇష్టం లేదు బాబూ."

"మీరు కాదంటే మీవాళ్ళెవరో అందులో ఉన్నారనుకోవాల్సి వస్తుందమ్మా," అన్నాడు మేనేజరు, ఎంతో మర్యాదగా.

కాఫీ గ్లాసులతో నిలబడ్డ కోడలి చేతిలో పళ్ళెం గడగడలాడింది. తన పేరు చెప్పి ఆ పెద్దావిడ తిండే మానేసే బదులు తనే ఒప్పేసుకుంటే నయమనిపించింది. పళ్ళెం కింద పెట్టి, "సార్, అదీ..." అంది. అప్పటికే బొటనవేలు తెర మీద ఆనింది.

అత్తగారి నోటివెంట ఒక పేరు వచ్చింది. కోడలి పేరు కాదు.

"అమ్మా, అది నాన్న పేరు," అన్నాడు కొడుకు.

"నాకు తెలీదుట్రా?" అంది ఆవిడ.

మేనేజరు నవ్వబోయి ఆగిపోయాడు. ఆ ఇంటి పెద్దాయన సానపట్టే గదిలోనే జీవితమంతా పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి సిగరెట్ల వల్ల పోయాడని కంపెనీ తేల్చింది.

"చనిపోయిన మనిషి ఎలా రాస్తాడమ్మా? వయసు మీద పడింది, మీ వేలు పొరబడింది."

"అయితే పోయినసారీ పొరబడే ఉంటుంది. బాయిలర్ అబ్బాయిని పనిలోకి పిలవండి." అత్తగారు ఫోన్ అతని వైపు తోసింది. "కాదు, వేలు నిజమే చెప్పిందంటారా? అప్పుడు మా ఆయన ఎందుకు పోయాడో ఆయనే చెబుతున్నాడు. రెండిట్లో మీకేది కావాలో మీరే చూసుకోండి."

మేనేజరు గుమ్మం దగ్గరి మొహాలన్నీ ఒకసారి చూసి, కాఫీ ముట్టకుండానే లేచాడు. బొటనవేలి సాక్ష్యం ఇకమీదట చెల్లదని రెండు రోజుల తర్వాత ఫ్యాక్టరీ గేటుకి నోటీసు అంటించారు. బాయిలర్ మనిషి పనిలో చేరాడు. అసలు పేర్ల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కానీ ఆ ఆదివారం, అందరూ వెళ్ళిపోయాక, కోడలు వచ్చి అత్తగారి పక్కన చతికిలబడింది.

"రాసింది నేనే అత్తయ్యా."

"నీ వణుకు చూస్తే తెలియడంలా? మరి నా నోట ఆయన పేరెందుకొచ్చింది?"

"మాటలన్నీ మామయ్యవే. మందు పట్టించేటప్పుడు చెప్పేవారు. ఒక్కటీ నేను కల్పించలేదు. ఆ గదిలో గాలి పోవడానికి దారి ఉందిట, దుమ్ము పోవడానికి లేదుట."

"నాతో ఒక్కనాడూ అనలేదే. ఎలా ఉందంటే బాగానే ఉందనేవాడు."

"మీరు బెంగపెట్టుకుంటారని చెప్పొద్దన్నారు."

అత్తగారు చాలాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, మొదట్నుంచీ చదవమంది. కోడలు ఫోన్ తీసి, గడగడా చదివేయబోయింది. ఆవిడ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"నెమ్మదిగా చదువమ్మా. ఆయన అంత తొందరగా మాట్లాడడు."