చుక్క పక్కన పేరు

గిన్నెలు తోముతుంటే పేర్లు వేళ్లకు తగులుతాయి. మా ఇంట్లో అన్నిటి మీదా ఒకటే పేరు, రాఘవేంద్ర. నా మొదటి జీతంతో ఆదోని బజారులో కొన్న స్టీలు బిందె మీదా మా ఆయన పేరే. కొట్టువాడు పేరు చెక్కే మిషను పట్టుకుని "ఎవరి పేరమ్మా?" అని నన్నడిగితే మా అత్త తులసీబాయి జవాబు చెప్పింది. "బిందె మోసేదానికి పేరెందుకే వీణా? మోత చాలదా?" అని నవ్వింది కూడా. మోత నాది, మోగే పేరు ఆయనది.

ప్రభుత్వానికి పటాలు తయారుచేసే ఆఫీసులో నాది కాంట్రాక్టు ఉద్యోగం. నిరుడు వానల్లో హాలహర్వి వైపు పల్లెలు తిరిగి, నీళ్లున్న ప్రతి బోరు దగ్గరా నిలబడి, పటం మీద నీలం చుక్క పెట్టాను. చుక్కతో పని తీరదు. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, దేనికి వాడకూడదు, ఇవన్నీ పక్కన రాసి మరీ అందరితో పంచుకోవాలి. దాన్నే మెటాడేటా అంటారు. "మెట్ట దాటా? ఏ మెట్ట దాటిపోతావే?" అంది అత్త. మా సారు చంద్రశేఖర్‌కి ఆ మాత్రం సరదా కూడా లేదు. "గడువు రేపే వీణమ్మా. అయ్యన్నీ ఎవురు సూస్తారు?" అంటూ నా కుర్చీలోనే కూర్చుని, నేను రాసిన వివరాలన్నీ చెరిపేసి, ఉత్త చుక్కల్ని వెబ్‌సైటులోకి ఎక్కించాడు. పటం జనానికి అందింది. శాలువా సారుకి అందింది. మరునాటి రొట్టెలకు పిండి నాకు అందింది.

ఎండాకాలంలో ఆ పటాన్ని బట్టే పైవాళ్లు ట్యాంకర్లు పంపారు. నీలం చుక్కున్న ఊళ్లకు ట్యాంకరు లేదు. ఒక ఊరి నుంచి ఫిర్యాదు వస్తే చూసి రమ్మని నన్నే తోలారు. ఎండిపోయిన బోరు ముందు బిందెలు వరుసలో ఉన్నాయి. నీళ్లు లేకపోయినా వంతు పోగూడదని పెట్టుకున్నవి. ఒకదాని మీద "ఉరుకుందమ్మకు అమ్మ ఉచ్చీరమ్మ ఇచ్చినది" అని పెళ్లి తేదీతో సహా చెక్కి ఉంది. ఆ ఉరుకుందమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడో నెల కడుపుతో దూరపు చేని బావికి పోయి, నీళ్లు ఎత్తుకొస్తూ పడిపోయిందట. బిడ్డ దక్కలేదు.

"ట్యాంకరు అడిగితే, మీ ఊరికి నీళ్లుండాయని పటంలో ఉంది పో, అన్నారక్కా. ఆ సుక్క పెట్టినోళ్లు యాడుంటారో. కనపడితే ఒక్కమాట అడగల్ల."

"ఏమని?"

"ఎప్పుడు సూసినావు తల్లీ, అని."

"నేనే పెట్టినాను. వానల్లో చూసినాను. అప్పుడు నీళ్లుండాయి" అన్నాను.

తిడుతుందనుకున్నాను. బిందె వైపు చూసి, "ఆ మాట రాసింటే సాలు కదక్కా" అంది.

తిరిగొచ్చేసరికి సారు సిద్ధంగా ఉన్నాడు. "పైనుంచి అడుగుతాండారు. ఇప్పుడు వివరాలు ఎక్కిద్దాం. చూసింది వీణ, అంతే రాయి. తేదీ గీదీ వద్దు." మెచ్చుకోలు వచ్చినప్పుడు లేని పేరు తిట్లకు గుర్తొచ్చింది. ఇంట్లో చెబితే మా ఆయన పళ్లెం మీద నుంచి తలెత్తలేదు. "సారుతో పేచీ పెట్టుకోకు. ఉద్యోగం పోతే ఊరికే ఇంట్లో కూర్చుంటావా?" ఊరికేనట! ఈ ఇంట్లో నేను కూర్చునేది రొట్టెలు తట్టేటప్పుడే.

పొద్దున అందరికన్నా ముందే ఆఫీసుకు పోయాను. పని నాది కాబట్టి పాస్‌వర్డూ నా దగ్గరే ఉంది. ఆ ఊరి చుక్క పక్కన రాశాను: "చూసింది వీణ, నిరుడు వానల్లో. ఇప్పుడు బోరు ఎండింది, కళ్లారా చూశాను. ఈ చుక్కను నమ్మి ట్యాంకరు ఆపకూడదు. మొదట రాసిన వివరాలు చెరిపింది చంద్రశేఖర్." రేపు ఆ ఊరికి ట్యాంకరే వస్తుందో, నాకు ఇంటిదారే వస్తుందో. చివర 'గమనిక' అన్న గడి ఖాళీగా మిగిలింది. అందులో ఇలా రాసి, ఎవర్నీ అడక్కుండా అందరికీ పంచాను:

ఈ చుక్క వల్ల ఒక బిడ్డ పోయింది. పేరు: పెట్టలేదు.